పాత ఇంట్లో సీసపు పైపు

క్రొత్త ఇల్లు కట్టుకొనేవారు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22:8 ఆజ్ఞాపిస్తుంది. ఎవరైనా పడి మరణిస్తే ఆ దోషం ఇంటివారి మీదికి వస్తుంది. కంటికి కనబడని అపాయాలకు కూడా ఈ ఆజ్ఞ వర్తిస్తుందని మేము నమ్ముతున్నాము. పాత సీసపు పైపు అలాంటిదే.

పూర్వకాలపు బంగళాలలో, పట్టణాలలోని పాత మేడలలో స్నానాల గది నీరు పోవడానికి కొన్నిచోట్ల సీసపు పైపులు వేశారు. లాటిన్ భాషలో సీసం పేరు ప్లంబమ్; ప్లంబరు అనే మాట అక్కడినుండే వచ్చింది. అలాంటి గదిలో క్రొత్త వాష్‌బేసిన్ పెట్టబోతే, ఈ పాత పైపుకు దానిని ఎలా కలపాలన్న ప్రశ్న వస్తుంది.

ముందుగా పైపును గుర్తుపట్టండి. బూడిదరంగులో ఉండి, అయస్కాంతం అంటుకోక, తాళంచెవితో కొద్దిగా గీస్తే వెండిలా మెరిస్తే అది సీసమే అనుకోవాలి. మురుగునీరు పోయే పైపు కదలకుండా ఉన్నంతకాలం దానివల్ల పెద్ద భయం లేదు; ఆ నీరు మనము త్రాగము గదా. త్రాగునీటి పైపు సీసముదైతే మాత్రం మార్చి తీరాలి. అమెరికాలో క్రొత్త త్రాగునీటి పైపులకు సీసం వాడకూడదని 1986లోనే చట్టం చేశారు.

పూర్వపు పనివారు మంటతో టంకం కరిగించి అతికేవారు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది గనుక, చేయి తిరగనివారు ఈ పని చేస్తే పైపే కరిగిపోతుంది. నేడు మంట అక్కరలేదు. గోడకు రెండు మూడు అంగుళాల ఇవతల పైపును హ్యాక్సా బ్లేడుతో నిదానంగా కోయాలి. గ్రైండరు వాడితే సీసపు ధూళి గదంతా లేస్తుంది. పైపు బయటి కొలతకు సరిపోయే రబ్బరు కప్లింగు తొడిగి, రెండు వైపులా స్టీలు క్లిప్పులు బిగించాలి. సీసం మెత్తనిది గనుక అతిగా బిగిస్తే పైపు నొక్కుకుపోతుంది. బేసిన్ క్రింద నీరు నిలిచే ట్రాప్ తప్పనిసరి. ఆ నీరే దుర్వాసనను, పురుగులను ఆపుతుంది. క్రొత్త పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు ఉంచండి. చివరకు బేసిన్ నిండా నీరు పట్టి ఒక్కసారిగా వదలి, అతుకు చుట్టూ పొడి కాగితంతో తుడిచి చూడండి. కాగితం తడిస్తే అతుకు కారుతున్నట్టే.

పని జరిగేటప్పుడు పిల్లలను ఆ గదిలోనికి రానివ్వకండి. రజను చీపురుతో ఊడ్చక, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయండి. చేతులు సబ్బుతో కడుగుకొన్న తరువాతే భోజనం.

ఇక కోసి తీసిన ముక్క సంగతి. దీనినే మేము ముఖ్యంగా చెప్పాలనుకుంటున్నాము. సీసం కొలిమిలో కరుగుతుందని యెహెజ్కేలు 22వ అధ్యాయం చదివినవారికి తెలుసు. వలలకు గుండ్లు పోసుకోవచ్చని వంటపొయ్యి మీద దానిని కరిగించడం బహు అపాయకరం. ఆ పొగ, ధూళి అన్నం గిన్నెల మీద, నేల మీద పడతాయి. నేలమీద పాకే బిడ్డ చేతులు నోటిలోనికే పోతాయి. కడుపులోనికి పోయిన సీసంలో పెద్దల కంటే నాలుగైదు రెట్లు పసిపిల్లల ఒంటికి పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఎముకలలో నిలిచి, రక్తహీనత కలిగించి, చదువుకొనే తెలివిని దెబ్బతీస్తుంది. ఇంతవరకు హాని లేదని చెప్పగలిగే మోతాదు లేదు.

గనుక ఆ ముక్కను సంచిలో చుట్టి, పిల్లలకు అందకుండా ఉంచి, పాత బ్యాటరీలు తీసుకొనే అనుమతి ఉన్న వ్యాపారికి అప్పగించండి. దాని ఖరీదు కొద్ది రూపాయలే. ఆ కొద్ది రూపాయల కోసం దేవుడిచ్చిన బిడ్డల ఆరోగ్యాన్ని పణంగా పెట్టవద్దు.