టిల్ చికిత్స

కణితిలో చొరబడిన లింఫోకణాలను వెలికితీసి, ప్రయోగశాలలో వందల కోట్లుగా పెంచి, తిరిగి అదే రోగి రక్తంలోకి ఎక్కించే క్యాన్సర్ చికిత్సను టిల్ చికిత్స అంటారు. ఈ కణాల ఆంగ్ల నామానికి పొడి అక్షరాలే టిల్. దీనిని ముఖ్యంగా మెలనోమా అనే చర్మ క్యాన్సరుకు వాడతారు.

మూలసూత్రం

లింఫోకణాలలో ఒక రకమైన టి-కణాలు క్యాన్సర్ కణాలను గుర్తించి చంపగలవు. అయితే కణితి లోపల వాటి సంఖ్య చాలదు. పైగా కణితి వాటిని అణచివేస్తుంది. శరీరం వెలుపల ఈ అణచివేత ఉండదు.

విధానం

శస్త్రచికిత్సతో తీసిన కణితి ముక్కలలోని లింఫోకణాలను ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రోటీను సాయంతో కొన్ని వారాలపాటు పెంచుతారు. ఎక్కించే ముందు సైక్లోఫాస్ఫమైడ్, ఫ్లుడారబిన్ మందులతో రోగి శరీరంలో ఉన్న లింఫోకణాలను తగ్గిస్తారు. అందువలన కొత్త కణాలకు పోటీ తగ్గుతుంది. ఆ తరువాత ఇంటర్‌ల్యూకిన్-2ను రోగికి కూడా ఇస్తారు.

చరిత్ర

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో స్టీవెన్ రోసెన్‌బర్గ్ బృందం 1988లో మెలనోమా రోగులలో తొలి ఫలితాలను ప్రచురించింది. 168 మంది రోగులపై జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2022లో వెలువడ్డాయి. వ్యాధి ముదరకుండా గడచిన మధ్యగత కాలం ఇపిలిముమాబ్ మందుతో 3.1 నెలలు కాగా, టిల్ చికిత్సతో 7.2 నెలలు. 2024 ఫిబ్రవరిలో లిఫిల్యూసెల్ అనే టిల్ చికిత్సకు అమెరికాలో ఆమోదం లభించింది.

పరిమితులు

ఈ చికిత్స అందరికీ ఫలించదు. ముందుగా ఇచ్చే మందుల వలన అంటురోగాలు సోకవచ్చు. ఇంటర్‌ల్యూకిన్-2 వలన రక్తపోటు పడిపోవచ్చు. కణాలు పెరిగేలోపే వ్యాధి ముదిరిపోయే ప్రమాదం కూడా ఉంది.