మూసిన గదిలో నిప్పుల కుంపటి

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, చింతపల్లి, పాడేరు వంటి మన్యం ఊళ్లలోనూ, ఉమ్మడి ఆదిలాబాద్ అటవీ ప్రాంతంలోనూ డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత తరచుగా 10 డిగ్రీల కంటే దిగువకు పడిపోతుంది. ఇంటి ముందు నెగడు వేసుకుని చలి కాచుకోవడం అక్కడ తరతరాల అలవాటు; ఆరుబయట వేసిన మంట నుంచి వెలువడే వాయువులు గాలిలో కలిసి చెదిరిపోతాయి కనుక, ఒంటిమీది బట్టకు నిప్పంటుకోకుండా చూసుకుంటే దానితో పెద్ద ముప్పు లేదు. అదే నిప్పును కుంపటిలోకి ఎత్తి, తలుపులు, కిటికీలు బిగించిన గదిలో మంచం పక్కన పెట్టుకుని నిద్రపోవడం మాత్రం ప్రాణాంతకం.

బొగ్గు పూర్తిగా దహనం కానప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దీనికి రంగు గాని, వాసన గాని లేవు. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును శరీరమంతటికీ మోసుకుపోయే హిమోగ్లోబిన్‌తో ఇది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పెనవేసుకుంటుంది కనుక, గదిలోని గాలిలో కొద్దిపాటిగా ఉన్నా రక్తంలో క్రమంగా పేరుకుని మెదడుకు, గుండెకు అందవలసిన ప్రాణవాయువును అడ్డుకుంటుంది. పొగ ఆగిపోయి బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు ఇక భయం లేదని చాలామంది అనుకుంటారు గాని, ఈ వాయువు అప్పుడూ ధారాళంగా వెలువడుతూనే ఉంటుంది. పక్కన నీళ్ల గిన్నె పెట్టినా, ఈ వాయువు నీటిలో దాదాపు కరగదు కాబట్టి, ఫలితం ఉండదు. గాలి ఆడని స్నానాల గదిలో బిగించిన గ్యాస్ గీజర్ వల్ల పట్టణాల్లోనూ ఇదే ప్రమాదం పొంచి ఉంది.

తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, తెలియని నిస్సత్తువ ఈ విషవాయువు ప్రభావానికి తొలి లక్షణాలు. గదిలో ఉన్న వారందరికీ ఇవి ఒకేసారి మొదలైతే దానిని జలుబుగానో, అజీర్తిగానో కొట్టిపారేయకూడదు. నిద్రలో ఉన్నవారికి ఈ హెచ్చరిక కూడా అందదు; గర్భిణులకు, కడుపులోని బిడ్డకు, గుండెజబ్బు ఉన్నవారికి హాని మరింత ఎక్కువ. గదిలో కుంపటి అవసరం రాకుండా, వృద్ధులకు మందపాటి దుప్పట్లు, ఉన్ని బట్టలు, కాళ్లకు మేజోళ్లు, వేడివేడి ఆహారం సమకూర్చడం కుటుంబం బాధ్యత. అవి కొరవడిన ఇళ్లలోనే కుంపటి గదిలోకి చేరుతుంది.

ఎవరైనా స్పృహ తప్పి కనిపిస్తే, రక్షించేవారు ముందుగా తలుపులు బార్లా తెరిచి, తామూ లోపల ఎక్కువసేపు నిలవకుండా, బాధితులను ఆరుబయటికి చేర్చి 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో ఇచ్చే శుద్ధమైన ప్రాణవాయువే దీనికి ప్రధాన చికిత్స. వేలికి తగిలించే పల్స్ ఆక్సిమీటర్ ఈ విషాన్ని గుర్తించలేక అంకెను మామూలుగానే చూపవచ్చు కనుక, గదిలో కుంపటి ఉండిందన్న మాటను వైద్యునికి మొట్టమొదటే చెప్పాలి.