కొరియా బడిలో ఇంగ్లీషు టీచరు

మన ఊళ్లలో పిల్లలు ‘బస్’ అనరు, ‘బస్సు’ అంటారు. దక్షిణ కొరియా పిల్లలదీ అదే తీరు. వారి నోట ఆ మాట ‘బొసు’ అవుతుంది. తండ్రిని ‘అప్పా’ అనీ, తల్లిని ‘ఒమ్మా’ అనీ పిలుస్తారు. ‘నేను అన్నము తిన్నాను’ అని క్రియను చివరకు పెట్టి చెప్పే వరుస కూడా మనదీ వారిదీ ఒక్కటే. కనుక ఇంగ్లీషు నేర్చుకొనుటలో వారి పిల్లలు పడే పాట్లు మనకు పరాయివి కావు. ఆ పాట్లలో మంచి టీచరు దొరికితే ఏమి జరుగుతుందో, దొరకకపోతే ఏమవుతుందో చూడాలని ఈ నెల ఈ సంగతి వ్రాయుచున్నాము.

మొదట కొంచెము వెనుకకు వెళ్దాము. 1886లో కొరియా రాజు అధికారుల కుమారుల కొరకు సియోల్‌లో ఒక ఇంగ్లీషు పాఠశాల తెరిపించి, అమెరికా నుండి ముగ్గురు ఉపాధ్యాయులను రప్పించాడు. వారిలో హోమర్ హల్బర్ట్ ఒకరు. ఆయన ఇంగ్లీషు చెప్పడానికి వచ్చి, ముందుగా తానే కొరియా భాషకు విద్యార్థి అయ్యాడు. కొన్నేళ్లలోనే వారి సొంత లిపిలో బడిపిల్లలకు ప్రపంచ భూగోళ పుస్తకము వ్రాశాడు. చైనా అక్షరాలకే గౌరవమిచ్చి, ఆ లిపిని ఆడవారిదని పెద్దలు చిన్నచూపు చూసే రోజులవి. పిల్లల భాషను ప్రేమించని టీచరు వారికి మరో భాషను ఎలా అందించగలడు?

దానికి ఒక ఏడాది ముందే, 1885లో, హెన్రీ అపెన్‌జెల్లర్ అనే మెథడిస్టు మిషనరీ ఇద్దరు విద్యార్థులతో బడి ప్రారంభించాడు. అదే పేజె పాఠశాల. మరుసటి సంవత్సరము మేరీ స్క్రాంటన్ అమ్మగారు ఆడపిల్లల కొరకు ఇహ్వా పాఠశాల పెట్టినప్పుడు, మొదట చేరినది ఒక్కరే. ఇంగ్లీషు నేర్చుకోవాలనే ఆశతోనే పేజెలో చేరిన సింగ్మన్ రీ అనే యువకుడు 1948లో ఆ దేశపు మొదటి అధ్యక్షుడయ్యాడు. రాజుగారి బడి మాత్రము 1894లోనే మూతబడింది.

ఇక ఈ కాలమునకు వద్దాము. 1997 నుండి అక్కడ మూడవ తరగతిలోనే ఇంగ్లీషు మొదలవుతుంది. 1995లో ప్రారంభమైన ‘ఎపిక్’ అనే ప్రభుత్వ పథకము ద్వారా అమెరికా, బ్రిటన్, కెనడా మొదలైన దేశాల నుండి టీచర్లను రప్పించి ప్రభుత్వ బడులకు పంపుతున్నారు. ఒకే తరగతిలో కొరియా టీచరు, విదేశీ టీచరు కలిసి పాఠము చెప్పాలని ఏర్పాటు. వినడానికి బాగున్నది. అయితే పక్కన నిలబడి పదాలు పలికించే మనిషిగానే విదేశీ టీచరును వాడుకుంటే ఆ గంటలో పిల్లలకు ఒరిగేది స్వల్పము. ఇద్దరూ ముందుగా కూర్చుని పాఠము సిద్ధము చేసుకున్న చోట మాత్రము తేడా కనబడుతుంది. ఒకరు ప్రశ్న వేస్తారు, మరొకరు జవాబిస్తారు. ఇంగ్లీషు పుస్తకములోని అక్షరము కాదు, ఇద్దరు మనుష్యుల మధ్య మాట అని పిల్లవాడు కళ్లారా చూస్తాడు.

ఇంగ్లీషు దేశములో పుట్టినంత మాత్రాన మంచి టీచరు అయిపోరు. పిల్లవాడు ‘కాఫీ’ అనబోయి ‘కొపి’ అంటాడు, ఎందుకంటే వారి భాషలో ‘ఎఫ్’ ధ్వని లేదు. ఆ తప్పు ఎక్కడ నుండి వస్తున్నదో, తానూ చిన్నప్పుడు అదే తప్పు చేసిన కొరియా టీచరుకు బాగా తెలుసు. 2008లో అధికారములోకి రానున్న ప్రభుత్వపు పెద్ద ఒకరు, అమెరికాలో తాను ‘ఒరెంజి’ అంటే ఎవరికీ అర్థము కాలేదనీ, ఉచ్చారణ మార్చాకే తెలిసిందనీ చెప్పి, వ్రాసే పద్ధతే మార్చాలన్నారు. దేశమంతా నవ్వుకున్నది. ఇతర పాఠాలు కూడా ఇంగ్లీషులోనే చెప్పించాలన్న ఆలోచన కూడా అప్పుడే వచ్చి, వ్యతిరేకత చూసి వెనుకకు పోయింది. అంత పెద్ద పదవిలో ఉన్నవారికే పలుకు తప్పుతుందేమోనన్న బెంగ ఉంటే, పదేళ్ల పిల్లవాడు నోరు విప్పుతాడా?

అసలు చిక్కు ఈ భయమే. నలుగురిలో తప్పు మాట్లాడితే పరువు పోతుందని మౌనముగా ఉండే పిల్లలు అక్కడ ఎక్కువ. దానిమీద కాలేజీ ప్రవేశ పరీక్ష బరువు ఒకటి. నవంబరులో జరిగే ఆ పరీక్షలో ఇంగ్లీషుకు 45 ప్రశ్నలు. వాటిలో 17 విని జవాబు గుర్తించేవి. ఆ వినే సమయములో దేశమంతటా విమానాలు ఎక్కకుండా, దిగకుండా ఆపుతారు! అయినా మాట్లాడే పరీక్ష లేదు, సొంతగా వ్రాసేది లేదు. అందుచేత పై తరగతులలో మంచి టీచరు కూడా సంభాషణ పక్కనపెట్టి ప్రశ్నపత్రాలు చేయించక తప్పడము లేదు. ఈ విషయములో ఆ టీచర్లను తప్పుపట్టడము మాకు ఇష్టము లేదు.

ట్యూషను సంగతి వేరే చెప్పాలి. ‘హాగ్వన్’ అనే ప్రైవేటు కేంద్రాలకు పిల్లలు బడి వదలగానే వెళ్తారు. రాత్రి 10 గంటలకు అవి మూసివేయాలని సియోల్‌లో నియమమే పెట్టవలసి వచ్చింది. డబ్బున్నవారికి అదొక దారి. పొలము మీద బ్రతికే కుటుంబానికి బడిలోని టీచరే దిక్కు. పల్లె ప్రాథమిక పాఠశాలల కొరకు 2008లో ‘టాక్’ అని ప్రత్యేక పథకము పెట్టి విదేశీ యువతీయువకులను పంపారు. ఇప్పుడు అది లేదు. మన పాఠకులలో టీచరు శిక్షణ పొందినవారికి ఒక మాట: 2010లో అమలైన భారత్–కొరియా ఒప్పందము తరువాత, టీచరు అర్హత పత్రము ఉన్న భారతీయులకు కూడా అక్కడ ఇంగ్లీషు సహాయ ఉపాధ్యాయులుగా పనిచేసే వీలు కలిగింది.

పల్లెలకు మేలు చేసే ఏర్పాటు ఒకటి అక్కడ చాలాకాలముగా ఉన్నది. ప్రభుత్వ టీచర్లు కొన్నేళ్లకొకసారి బడి మారాలి. మారుమూల పనిచేసిన వారికి పదోన్నతిలో అదనపు మార్కులుంటాయి. కనుక పిల్లలు తగ్గిపోయి మూతబడబోయే చిన్న బడికి కూడా ఒక్కొక్కసారి ఎంతో నేర్పుగల టీచరు వస్తారు. తప్పు పలికినా నవ్వక, మరొకసారి అనమ్మా అనే టీచరు. గడువు తీరగానే వారు పెట్టె సర్దుకొని వెళ్లిపోతారు. అప్పటికి మూడవ తరగతిలో వారి దగ్గర అక్షరాలు దిద్దిన పిల్ల మిడిల్ స్కూలులో ఉంటుంది.