ఇంటిలోపలి ఏరియలుకు ఏ తీగ?



2024 సెప్టెంబరు 1వ తేదీన కోదాడలో వరద చొచ్చి, హైదరాబాదు–విజయవాడ రహదారిపై రాకపోకలు నిలిచిన సంగతి మీరెరుగుదురు. అట్టి ఆపత్సమయములయందు అమెచ్యూర్ రేడియో అక్కరకు వచ్చును. 2004 డిసెంబరు సునామీవేళ అండమానులనుండి క్షేమవార్తలు చేరవేసినవారిలో ఈ రేడియోవారు కలరు.

నేను సూర్యాపేటలో ఉపాధ్యాయవృత్తి విరమించిన పిమ్మట కేంద్రప్రభుత్వపు లైసెన్సు పొంది ఈ విద్య నభ్యసించితిని. మిద్దెపై స్తంభము నాటుటకు పొరుగువారు సమ్మతింపరైరి. తీగను ఇంటిలోపలనే కట్టవలసివచ్చెను.

చవకయని మొదట ఇనుప బైండింగు తీగ కట్టితిని. నా మాట దూరము పోలేదు. కారణమేమనగా, రేడియో విద్యుత్తు తీగ నడుమ ప్రవహింపదు, పైపొరయందే ప్రాకును. 14 మెగాహెర్ట్జుల యొద్ద రాగిలో ఆ పొర మందము మిల్లీమీటరులో యాబదవ వంతునకు లోపే. ఇనుము అయస్కాంతగుణము కలది గాన అందు పొర మరింత పలుచనై, నిరోధము పెక్కురెట్లు పెరిగి, పంపిన శక్తిలో కొంత వేడిగా వ్యర్థమగును.

ఆరుబయటి తీగ గాలివానల కోర్వవలెను గనుక మోటుగా నుండవలెను. ఇంటిలో ఆ బాధ లేదు. దీపములకు వాడు ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగ చాలును. మిర్యాలగూడలో మోటార్లు చుట్టువారి యొద్ద దొరకు ఎనామెలు తీగయు మంచిదే. సన్ననిది గాన గోడపై కనబడదు. కాలిన మోటారునుండి విప్పినది మాత్రము కొనరాదు. నేను ఆ పూత గీకకయే కొసలు అతికితిని. రెండు దినములు యంత్రము మూగవోయెను. దోషము దానిదేయని విప్పితిని కూడ! కొసలను చాకుతో గీకి, రాగి మెరసిన పిమ్మటనే టంకము వేయవలెను.

నిడివికి లెక్క సులభము. 143ను మెగాహెర్ట్జుల సంఖ్యచే భాగించిన మీటర్లు వచ్చును. 14 మెగాహెర్ట్జులకు సుమారు 10 మీటర్లు. నడుమ ఖండించి చెరిసగము ఇరువైపుల కట్టవలెను. ప్లాస్టికు తొడుగున్నచో కొంచెము తక్కువ పట్టును. ముందు పొడవుగా నుంచి, మీటరు చూచుచు కత్తిరింపుడు. తెగిన తీగ పెరగదు గదా! గది చాలనిచో కొసలను క్రిందికి వంచవచ్చును.

కోదాడలోని నా పూర్వశిష్యుడు లావుపాటి రాగితీగ కొని, ఇనుపరేకుల ఇంట కట్టి, ఏమియు వినబడదని వాపోయెను. రేకు రేడియోతరంగములకు గోడవంటిది. తాతగారి పెంకుటింటికి మార్చి, నా సన్నతీగనే కట్టగా ఆ రాత్రియే మాటలు వినబడినవి. స్లాబులోని ఇనుపచువ్వలును కొంత అడ్డే. తీగను కప్పునకు ఆనింపక దించి కట్టవలెను. మాటాడునప్పుడు కొసలయందు అధికమైన వోల్టేజి నిలుచును. వానిని పిల్లలకందని ఎత్తున, కరెంటు తీగలకును గడ్డికప్పునకును ఎడముగా, పింగాణీ బిళ్లలకు బిగింపుడు.