ఏడాదికి ఎన్ని పేజీలు?

డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. ఆ రోజుల్లోనే చాలామందికి ఒక సంకల్పం పుడుతుంది: ఈ ఏడు యాభై పుస్తకాలు చదివెయ్యాలి. సంచుల నిండా పుస్తకాలు ఇంటికొస్తాయి. ఉగాదికల్లా చూస్తే కొన్నిటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పి ఉండరు. మొదలెట్టినవాటిలో నలభయ్యో పేజీ దగ్గర, గుర్తుకోసం పెట్టిన బిల్లు కాగితం అలాగే ఉండిపోతుంది. దీన్ని బద్ధకం ఖాతాలో రాసెయ్యడం తేలికే గానీ, అసలు పొరపాటు మొదట వేసుకున్న లెక్కలోనే ఉంది.

పుస్తకాలు లెక్కపెట్టడం మానేసి పేజీలు లెక్కవేసి చూడండి. రోజుకు 20 పేజీల చొప్పున ఏడాదికి 7,300. పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలు, ప్రయాణాలు, జ్వరాలు తీసేస్తే ఐదు వేలు మిగులుతాయనుకుందాం. 250 పేజీల పుస్తకాలైతే ఇరవై వస్తాయి. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ దాదాపు వెయ్యి పేజీలు. అదొక్కటే యాభై రోజులు పడుతుంది. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’కు వారం చాలు. చిన్న నవల కాబట్టి తక్కువదని ఎవరూ అనలేరు, ఏ లావుపాటి నవలకూ అది తీసిపోదు. కానీ యాభై అనే అంకె నెత్తిన పెట్టుకున్నవాళ్లు తెలియకుండానే సన్నటి పుస్తకాలవైపు జరుగుతారు. ఉన్నవ ‘మాలపల్లి’ ఏటేటా వచ్చే ఏటికి వాయిదా పడుతుంది.

మరి దేన్నిబట్టి ఎంచుకోవాలి? మనసులో నలుగుతున్న ఒక ప్రశ్ననుబట్టి అంటాను. నిజాం కాలపు తెలంగాణ పల్లె ఎలా ఉండేది, అక్కడ జనం ఎందుకు తిరగబడ్డారు అన్నది ఆ ప్రశ్న అనుకోండి. దేశోద్ధారక గ్రంథమాల నడిపిన వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’తో మొదలుపెట్టొచ్చు. తర్వాత దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’. ఆపైన పోరాటాన్ని నడిపినవాళ్ల వైపు నుంచి పుచ్చలపల్లి సుందరయ్య రాసిన చరిత్ర. చివరగా, స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు తమ నోటితో చెప్పుకున్న సంగతులవి. అంతా ముగిశాక మమ్మల్ని మళ్లీ ఇంటికే పొమ్మన్నారన్న బాధ అందులో వినిపిస్తుంది. నాయకుడు రాసిన చరిత్ర చదివిన వెంటనే ఆ మాటలు చదివితే, పాత పుస్తకాన్ని మళ్లీ తీసి వెతకాలనిపిస్తుంది, ఇందులో వీళ్లెక్కడున్నారని. ఒకటి మార్చిలో, ఇంకొకటి అక్టోబరులో విడివిడిగా చదివితే ఆ వెతుకులాట పుట్టదు.

ఇలా పట్టిక వేసుకుంటే చదువు సిలబస్ అయిపోతుంది, సరదా చస్తుంది అంటారు కొందరు. సగం నిజమే. అందుకే ఐదు వేల పేజీల్లో సగానికే పేర్లు రాసుకోవాలి. మిగతా సగం స్నేహితులు చేతిలో పెట్టినదానికి, రైల్లో చదివే డిటెక్టివ్ నవలకి. అయితే పట్టికే లేకపోతే స్వేచ్ఛగా చదువుతామన్నది మాత్రం భ్రమ. రాత్రి తొమ్మిదిన్నరకి అలసిపోయి కూర్చున్న మనిషికి ఏం చదవాలో తేల్చుకునే ఓపిక ఉండదు. చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. ఇక రాసుకున్న పుస్తకం నచ్చకపోతే యాభై పేజీలు చూసి పక్కన పెట్టెయ్యండి. టికెట్టు కొన్నాం కదా అని చివరిదాకా కూర్చోవడానికి ఇది సినిమా కాదు.

పాత పుస్తకాలు దొరకవన్న ఫిర్యాదు అన్నిటికంటే గట్టిది. మంచి నవలలు కూడా అచ్చులో లేకుండా పోతుంటాయి. విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని తెలుగు స్కాన్లు కొంత ఆసరా. ఇక్కడున్నవాళ్లు కొనేముందు ఆ పట్టిక పట్టుకుని ఊళ్లో శాఖా గ్రంథాలయానికో, జిల్లా కేంద్ర గ్రంథాలయానికో ఒకసారి వెళ్లండి. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతూనే ఉన్నాం.