ఏ ఆట ఎన్ని కాల్షీట్లు అడుగుతుంది?

శ్రీనగర్ కాలనీలో ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ కోసం బయటికొచ్చినా నాకీ ప్రశ్న తప్పదు. "సార్, మావాడికి ఏదైనా ఆట నేర్పిద్దామనుకుంటున్నాం. పోటీల్లో ఆడాలి, చదువు మాత్రం పాడవకూడదు. ఏదైతే మంచిదంటారు?" నేను నోరు తెరిచేలోపే ఆయనే తీర్పు చెప్పేస్తారు: "సింధు చిన్నప్పుడు రోజూ యాభై ఆరు కిలోమీటర్లు తిరిగిందట. మనవల్ల అయ్యే పనేనా!"

సింధు మారేడుపల్లి నుంచి గచ్చిబౌలి బ్యాడ్మింటన్ అకాడమీకి రోజూ వెళ్లొచ్చిన మాట నిజమే. అయితే వాళ్ల అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, నాన్న రమణకి 2000లో అర్జున అవార్డు వచ్చింది అన్న ముక్క ఎవరూ ఎత్తరు. ఆ ఇంట్లో ఆట అంటే అన్నం వండుకున్నంత మామూలు విషయం. 2016లో రియోలో రజతం గెలిచిన అమ్మాయి దినచర్యని, జిల్లా పోటీల్లో నాలుగు మ్యాచ్‌లు ఆడితే చాలనుకునే పదేళ్ల పిల్లాడికి కొలబద్ద చేయడమేమిటి? అగ్ర హీరో పారితోషికం చూసి మన ఇంటి బడ్జెట్ వేసుకున్నట్టుంది.

మన పేటలో అందరికీ తెలిసిన సినిమా లెక్కలోనే చెబుతాను. పొద్దున్నే కృష్ణానగర్‌లో ప్రొడక్షన్ బస్సు కోసం నిలబడ్డ ఏ జూనియర్ ఆర్టిస్టునైనా అడగండి. కెమెరా ముందు ఉండేది పది నిమిషాలు, కాల్షీట్ మాత్రం రోజంతా. మేకప్, లైటింగ్, హీరోగారి రాక, టిఫిన్, భోజనం అన్నీ అందులోనే. పిల్లల ఆటా అంతే. "రోజుకి గంటన్నరేనండీ" అని కోచ్ చెప్పేది కెమెరా టైము. ఇంటిల్లిపాదీ ఇవ్వాల్సింది కాల్షీట్.

క్రికెట్ తీసుకోండి. ఒక్కో నెట్‌కి పన్నెండు మంది పిల్లలుంటే, రెండు గంటల్లో మీవాడి చేతిలో బ్యాట్ ఉండేది మహా అయితే పది నిమిషాలు. మిగతా సేపు బౌలింగ్, బంతులు ఏరడం, వంతు కోసం చూడటం. ఇక ఆదివారం మ్యాచ్ అంటే చీకటితో లేచి కిట్టు మోసుకెళ్లాలి. పిల్లాడు మొదటి బంతికే అవుటైనా మధ్యాహ్నం ఫీల్డింగ్ చేయాల్సిందే, మీరు చెట్టు కింద కారులో కూర్చోవాల్సిందే. పైగా ఇది కాంబినేషన్ సీను. పదకొండు మంది డేట్లు ఒకేసారి కుదరాలి. మేనత్త కూతురి పెళ్లని మీవాడు మానేస్తే మిగతా పదిమందికీ నష్టం. ఫుట్‌బాల్, హాకీ, కబడ్డీ అన్నిటికీ ఇదే తంటా. జట్టు ఆటలో టైము దగ్గర బేరం కుదరదు. జట్టు ఆటలు వద్దని అనడం లేదు, స్నేహాలు అక్కడే పుడతాయి. డేట్లు ఇవ్వలేనివాళ్లు ఒప్పుకోకూడదంటున్నానంతే.

టేబుల్ టెన్నిస్ ఇందుకు పూర్తిగా ఎదురు. కోచ్ బుట్టెడు బంతులు పక్కన పెట్టుకుని ఎడాపెడా వేస్తుంటే నిమిషానికి నలభై షాట్లు కూడా పడతాయి. క్రికెట్ నెట్స్‌లో నెల రోజులకి దొరికే షాట్లు ఇక్కడ గంటలో దొరుకుతాయి. పదకొండు పాయింట్ల గేము, ఐదు గేముల మ్యాచ్ దాదాపు అరగంటలో తేలిపోతుంది. ఎండా లేదు, వానా లేదు, రెండోవాడు ఒక్కడుంటే చాలు. మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ 2022లో జాతీయ ఛాంపియన్ అయింది, అదే ఏడాది శరత్ కమల్‌తో కలిసి కామన్‌వెల్త్ మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది.

తక్కువ కాల్షీట్లలో షూటింగ్ కూడా ఉంది (సినిమా షూటింగ్ కాదు, తుపాకీది). పది మీటర్ల పోటీలో అరవై గుళ్లు, డెబ్బై ఐదు నిమిషాలు. ఇంట్లో ఖాళీ పిస్టల్ గోడకి గురిపెట్టి చేయి కదలకుండా నిలబడటమూ సాధనే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకే జాతీయ ఛాంపియన్ అయింది. ఇక్కడ మిగిలే టైముకి బదులు పర్సు ఖాళీ అవుతుంది, అది వేరే సంగతి.

చదరంగం దగ్గర మాత్రం జాగ్రత్త. కూర్చుని ఆడేదే కదా, దీనికెంత టైమని చేర్పిస్తారు. క్లాసికల్ గేము ఒక్కటే నాలుగు గంటలు పట్టొచ్చు, రేటింగ్ టోర్నమెంట్ రోజుల తరబడి సాగుతుంది, ఇంటికొచ్చాక ఓపెనింగుల చదువు మొదలవుతుంది. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన మాట చెప్పుకుని మురిసిపోయే ముందు ఇది గుర్తుంచుకోవాలి. ఈత, జిమ్నాస్టిక్స్ పోటీ స్థాయిలో తెల్లవారుజాముల్ని మింగేస్తాయి. పరుగుపందేలు, జంపులకి వారంలో మూడు నాలుగు పూటలతో మొదలుపెట్టొచ్చు.

కొందరికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. వేలిముద్రలు స్కాన్ చేయించి ఏ ఆట నప్పుతుందో రంగుల రిపోర్టు తెచ్చుకుంటారు, లేదా జాతకంలో కుజుడు బలంగా ఉన్నాడని బాక్సింగ్‌లో వేస్తారు. నిజానికి పుట్టిన తేదీకి ఒక మహిమ ఉంది. 1985లో బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కెనడా ఐస్ హాకీ జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువున్నారని చూపించారు. వయసు విభాగానికి హద్దు జనవరి 1 అయితే, జనవరిలో పుట్టినవాడు డిసెంబర్‌లో పుట్టినవాడికంటే దాదాపు ఏడాది పెద్ద. పదేళ్లప్పుడు ఆ ఏడాదే రెండంగుళాల ఎత్తు. సెలెక్టర్‌కి అది ప్రతిభలా కనిపిస్తుంది. గ్రహాలకి ఇందులో పనేం లేదు.

చిన్నప్పుడే ఒక్క ఆటకి కట్టిపడేయకపోతే వెనకబడతారన్న భయానికీ ఆధారం తక్కువ. 2022లో గుల్లిష్ అనే పరిశోధకుడు, మరికొందరు పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే, పెద్దయ్యాక ప్రపంచ స్థాయికి చేరినవాళ్లు చిన్నప్పుడు రెండు మూడు ఆటలు ఎక్కువగా ఆడారని, తమ అసలు ఆటని కాస్త ఆలస్యంగానే మొదలుపెట్టారని తేలింది. మన విజయవాడ జ్యోతి సురేఖ నాలుగేళ్లకే కృష్ణానది ఈదిన పిల్ల. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు వచ్చింది విలువిద్యలో! అమెరికాలో జయంతి అనే వైద్యుడి బృందం 2015లో ఇంకో లెక్క తేల్చింది. వారానికి ఆడే గంటలు పిల్లల వయసు అంకె దాటితే, అతివాడకం వల్ల తీవ్రమైన గాయాలయ్యే అవకాశం పెరుగుతోంది. అంటే పదేళ్లవాడికి వారానికి పది గంటలే హద్దు.

పాల బూత్ దగ్గర అడిగినాయనకి నేనిచ్చిన పని ఒకటే. నెల రోజులు గేటు దాటిన టైము, తిరిగి గేట్లోకి వచ్చిన టైము రాసుకోమన్నాను. ముందుగా గచ్చిబౌలి దగ్గర బ్యాడ్మింటన్‌లో వేసి చూస్తే, గంటన్నర ఆటకి మూడు గంటల నలభై నిమిషాలు తేలింది. మన పక్కనే యూసఫ్‌గూడలో ఇండోర్ స్టేడియం ఉంది కదా, ఆ చుట్టుపక్కల ఏం నేర్పుతున్నారో కనుక్కోమన్నాను. చివరికి ఇంటికి నడిచి వెళ్లే దూరంలో టేబుల్ టెన్నిస్‌లో చేర్పించారు. రోజుకి గంటంపావు, గేటు నుంచి గేటుకి.

ఈమధ్య ఆదివారాలు పాల బూత్ దగ్గర ఆయన కనపడటం లేదు. టోర్నమెంట్లట.