కప్ప చెప్పే హెచ్చరిక

కప్ప దేహపు వేడిమి పరిసరాలను బట్టి మారుతుంది. దాని పలుచని చర్మం గుండా నీటిలోని విషపదార్థాలు సులభంగా లోనికి ప్రవేశిస్తాయి. వేడిమి గాని, విషం గాని మితిమీరినపుడు కణాలలోని ప్రోటీన్లు ఆకృతిని కోల్పోతాయి. వాటిని చక్కదిద్దే రక్షక ప్రోటీన్ల తయారీకై ‘ఉష్ణాఘాత జన్యువులు’ చురుకుదనం పొందుతాయి. ఈ స్పందనను 1962లో ఇటలీ శాస్త్రజ్ఞుడు రిటోసా పండ్ల ఈగల క్రోమోజోములలో తొలిసారిగా గమనించాడు.

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి, తార్నాకకు చేరువనున్న సి.సి.ఎం.బి. వంటి పరిశోధనాలయాలలో కణజాలం నుండి ఆర్.ఎన్.ఏ.ను వేరుచేసి, ఈ జన్యువుల చురుకుదనాన్ని కొలవవచ్చు. అయితే ఈ కొలత ఒత్తిడి ఉన్నదని మాత్రమే తెలుపుతుంది. కారణం వేడిమియా, విషమా అని తేల్చదు. అందుకు నీటిని కూడా పరీక్షించాలి.

2023 నాటి అంచనా ప్రకారం ఉభయచర జాతులలో సుమారు 41 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. కప్పలు నశించిన పిదప వగచుటకంటె, వాటి కణాలు ముందుగా తెలిపే హెచ్చరికను గ్రహించడం మేలు.